ఒక ట తక్కువైన బాట

మొన్న విరుదునగర్ పత్తి బజారులో ఒక దుకాణం అరుగు మీద కూర్చుని ఉన్నాను. పక్కనే ఒక దళారి మూటలోంచి గుప్పెడు పత్తి లాగి, వేళ్ళ మధ్య సాగదీసి చూసి, మొహం చిట్లించుకుని, "ఇది పాడై పరుత్తి" అని అవతలికి విసిరేశాడు. అరవంలో ఆ మాటకు పాడె పత్తి అని అర్థం. అలా ఎందుకంటారని అడిగాను. "పనికిరాని పత్తిని ఈ బజారులో అలాగే అంటారు. మా నాయన కూడా అనేవాడు. ఎందుకో తెలియదు" అన్నాడు.

నాకు తెలుసు. ఆ పత్తి ఎవరిదో, అది పాడె ఎందుకెక్కిందో చెప్పగలిగిన వాళ్ళలో బతికి ఉన్నది ఇక నేనొక్కణ్ణే అనుకుంటాను. ఒక మనిషి అన్నేళ్ళు బతికి చివరికి బజారులో ఒక తిట్టుగా మిగిలాడంటే నవ్వొస్తుంది. అయినా చాలామంది ఆ మాత్రం కూడా మిగలరు.

విరుదుపట్టి పేరు మార్చుకుని విరుదునగర్ అయిన కొత్తల్లో నేను కోవిల్‌పట్టిలో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా చేరాను. ఆ పత్తి పండించిన ఆయన మా వకీలుకు కక్షిదారు. చుట్టరికం లేకపోయినా మా కులం వాడు, పక్క ఊరి నల్లరేగడి రైతు. అందుకని నేను మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడా అనేవాడు. మనిషి పొట్టి. తలకు తుండు, చంకలో గొడుగు, గొడుగు కర్రకు తగిలించిన గుడ్డసంచిలో దావా కాగితాలు. వానొస్తే గొడుగు ముందు సంచికి పట్టేవాడు, మిగిలితే తనకు.

బస్సు దిగి నేరుగా కాఫీ హోటలుకు పోయి కూర్చునేవాడు. కాఫీలో వేలు ముంచి బల్ల మీద పొలం గీసేవాడు. "ఇది వాని సేను. ఇది నా సేను. ఇదిదా వంక. ఇట్ట ఎవురో సేను, అట్ట ఎవురో సేను. నేను యాడ పోవల్ల?" అని ఎదుట కూర్చున్న వాణ్ణి అడిగేవాడు. ఎదుట వాడు టికెట్ కలెక్టరైనా అగ్గిపెట్టెల వ్యాపారి అయినా సరే, జవాబు చెప్పాల్సిందే. ఈలోగా బల్లలు తుడిచేవాడు వచ్చి ఒక్క తుడుపుతో వాని చేను, నా చేను, వంక కలిపి తుడిచేసి పోయేవాడు. ఆ దారి తగవును అంత న్యాయంగా తీర్చిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

సంగతి ఇది. వాళ్ళ తాత తన పొలాన్ని రెండుగా చీల్చి, రోడ్డు పక్క పడమటి సగం చిన్నకొడుక్కి, వంక పక్క తూర్పు సగం పెద్దకొడుక్కి ఇచ్చాడు. పెద్దకొడుకు కొడుకు మా మామ. చిన్నకొడుకు కొడుకు ఆయన ప్రతివాది. వరసకు తమ్ముడు, నడుమ ఒకే గోడ ఉన్న పక్కింటి వాడు. తూర్పు చేనికి బండి పోవాలంటే పడమటి చేను దాటాలి. పెద్దవాళ్ళు ఉన్నంత కాలం దాటింది. వాళ్ళు పోయాక ఒకనాడు మామ ఎద్దు బండి లాగుతూ లాగుతూ మెడ చాచి తమ్ముడి జొన్న కంకి ఒకటి కొరికింది. ఎద్దుల మూతికి చిక్కం కట్టి తోలుకో అన్నాడు తమ్ముడు. దీని అమ్మ కాలం నుంచి ఈ బాటలో నోరు కట్టుకుని నడవలేదు, ఇప్పుడు కట్టేది లేదన్నాడు మామ. మర్నాటికి బాటకు అడ్డంగా ముళ్ళకంచె పడింది.

"ఒక చిక్కం నేనే అల్లిస్తానంటిని. ఇంటే గదా" అని ఆయన భార్య, మా అత్త, నాతో ఎన్నిసార్లన్నదో. చిక్కం కట్టి ఉంటే ఈ చిక్కే ఉండేది కాదు. కానీ మగవాళ్ళు ఎద్దు మూతికి చిక్కం కట్టరు, కోర్టు గుమ్మంలో ఫీజు కడతారు.

దావా పడింది. మా చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆధారం తాత రాసిన పంపకాల కాగితం.

ఇక్కడ మా వాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. మేము ఇంట్లో తెలుగు మాట్లాడతాం. గడప దాటితే అరవం. అది లోపలికీ వచ్చి, మా నోట 'ఇదే' కూడా 'ఇదిదా' అవుతుంది. రాత కోతలన్నీ అరవమే, ఎందుకంటే తెలుగు అక్షరం మా ఊళ్ళలో ఎవరికీ రాదు. నేనూ చాలా కాలానికి, కోవిల్‌పట్టి స్టేషనులో పనిచేసే ఒక నెల్లూరు గుమాస్తా దగ్గర కూడబలుక్కుని నేర్చుకున్నాను. తాత పట్టుదల మనిషి. ఇంటి పంపకం ఇంటి మాటలోనే ఉండాలని, తెలుగు మాటల్ని అరవ అక్షరాలతో రాశాడు. రాసి, కింద సంతకం పెట్టి, తాను పండితుణ్ణన్న నమ్మకంతోనే కాలం చేశాడు.

అరవంలో ప కు, బ కు ఒకటే అక్షరం. ట కు, డ కు ఒకటే అక్షరం. మాట నడుమ అది ఒంటరిగా ఉంటే డ అని చదవాలి, జంటగా ఉంటే ట అని చదవాలి. 'తూర్పు చేనికి పడమటి చేని గట్టున బాట పోను రాను తావు విడిచినాము' అని తాత రాయదలుచుకున్నాడు. బాట అన్నచోట జంట ట పెట్టాలి. ఆయన ఒకటే పెట్టి, అరవం అలవాటు చొప్పున చివర ఐ తగిలించాడు. చూసేవాడికి అది 'పాడై' అయింది. పాడై అంటే అరవంలోనూ పాడే, శవాన్ని మోసే పాడె.

కోర్టులో అవతలి వకీలు ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని లేచాడు. తూర్పు చేని చివర, వంక గట్టున ఈ వంశం వాళ్ళ శ్మశానం ఉంది, కనుక తాత గారు ఎంతో ముందుచూపుతో పాడె పోవడానికి మాత్రమే దారి విడిచారు, బండి ఊసే ఎత్తలేదు అన్నాడు.

మా వకీలు లేచాడు. "పోను, రాను అని స్పష్టంగా ఉంది. పాడె పోవడం అందరికీ తెలుసు. వచ్చిన పాడెను నా మిత్రుడు ఎక్కడైనా చూశారా?"

"పాడె రాదు. మోసినవాళ్ళు వస్తారు. వాళ్ళను అక్కడే ఉండిపొమ్మంటారా?" అన్నాడు అవతలి వకీలు.

కోర్టంతా నవ్వింది. మునసబు గారూ నవ్వు ఆపుకుని, ఈ భాష తెలిసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగారు. ఇద్దరు వకీళ్ళూ నా వైపు చూశారు. నేను లేచి కాగితం అందుకుని "బాట" అని చదివాను. సరే, అక్షరం అక్షరం చదవమన్నారు. చదివాను. ట ఒకటే ఉంది. రెండోది ఉందా అని అడిగారు. నేను మామ వైపు చూశాను. ఆయన తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని, బళ్ళో పిల్లవాడు పాఠం వింటున్నట్టు నా నోటి వైపే చూస్తున్నాడు. లేదన్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇప్పటికీ నన్ను సత్యవంతుడని ఎవరైనా మెచ్చుకుంటే ఆ రోజు గుర్తొచ్చి ఒళ్ళు మండుతుంది.

బండి పోకుంటే బతుకెట్లా, అది అవసరపు దారి అని మా వకీలు ఇంకో వాదం చేశాడు. వంక పది నెలలు ఎండే ఉంటుంది, అందులోంచి తోలుకోవచ్చు, చట్టానికి అవసరం వేరు సౌకర్యం వేరు అన్నారు మునసబు గారు. నిజమే, ఎద్దులు వంకలో దిగి ఎక్కేవి. బండి దిగేది, ఎక్కేది కాదు. వంక గట్టు నిలువెత్తు ఉందని ఎవరూ కోర్టుకు కొలిచి చూపలేదు.

తీర్పులో పడమటి చేని గట్టున వాదికి పాడె పోను రాను హక్కు ఉందని రాశారు. మోసేవాళ్ళు నడవవచ్చు. బండి కూడదు.

వరండాలో మామ నన్ను అడిగాడు. "అంటే నేను సస్తే పోవచ్చు. బతికుండి బండి తోలకూడదు. అంతేనా?"

"అంతే మామా."

"నువ్వు సరిగ్గానే సదివితివి అల్లుడా. మా తాతదా సరిగ్గా రాయల" అని గొడుగు తీసుకుని బస్సుకు పోయాడు. అప్పటి నుంచి ఆయన ట పలికితే రెండింటి బలంతో పలికేవాడు. బాట్ట, కోట్ట, మూట్ట. ఎదుటివాడి మీద తుంపర్లు పడేవి. జాగ్రత్త ఉండల్ల, ఒక ట పోతే సేనే పోతాది అనేవాడు.

అప్పీలుకు మా వకీలు ఆశ పెట్టలేదు. కానీ ఓదార్చడానికి ఆయనకు ఒక సంగతి చెప్పాడు, అది చెప్పకుండా ఉండాల్సింది. "ఇరవై ఏళ్ళు ఎవరినీ అడక్కుండా, హక్కుగా నడిస్తే ఆ నడకకే హక్కు పుడుతుంది. అడిగి, వాళ్ళు సరేనంటే నడిచావా, అది దయ, మీ పెద్దవాళ్ళ కాలంలో నడిచింది అదే. దయకు వందేళ్ళయినా హక్కు పుట్టదు" అన్నాడు. మామ ఈ మాటను మూడుసార్లు చెప్పించుకున్నాడు. మూడోసారికి ఆయన కళ్ళలో ఒక వెలుగు కనిపించింది, నాకు భయమేసింది.

ఆ రోజుతో ఆయన లోకంలో ఎవరి అనుమతీ తీసుకోవడం మానేశాడు. వకీలు ఇంటికొచ్చి అరుగు దగ్గర నిలబడేవాడు. లోపలికి రావయ్యా అంటే కదిలేవాడు కాదు. రమ్మన్నారు కాబట్టి ఇప్పుడు లోపలికొస్తే అది దయ అవుతుంది. వకీలు విసుక్కుని కాగితాల్లో తల పెట్టాక, పిలుపు చల్లారిందని నమ్మకం కుదిరాక, దర్జాగా లోపలికొచ్చి కుర్చీలో కూర్చునేవాడు. హోటలు యజమాని పాపం మర్యాదస్తుడు, "రాండి, రాండి" అన్నప్పుడల్లా ఈయన వీధిలోనే ఆగిపోయేవాడు. నేనే చాటుగా వెళ్ళి, ఆయన్ని చూడనట్టు ఉండమని బతిమాలాను. ఇంట్లో అత్త కూడా పళ్ళెం పెట్టి తినండి అనడం మానేసింది. పెట్టి, గోడ వైపు తిరిగి నిలుచునేది. "ఇట్ట తినే మొగున్ని యాడన్నా సూసినావా అల్లుడా?" అని అడిగేది. చూడలేదన్నాను.

ఒకసారి నాతో విరుదునగర్‌కు రైల్లో వస్తూ టికెట్టును తిప్పి తిప్పి చూసి, "ఇది హక్కా, అనుమతా?" అన్నాడు. కొన్నాం కాబట్టి హక్కేనన్నాను. సంతోషంగా కాళ్ళు చాపుకున్నాడు.

వాయిదా రోజుల్లో అన్నదమ్ములిద్దరూ ఒకే బస్సులో వచ్చేవాళ్ళు. ఆ ఊరికి ఉన్నది అదొక్కటే. పక్కపక్కనే కూర్చునేవాళ్ళు, మాటలుండేవి కావు. తమ్ముడు వక్కాకు వేసుకుంటూ సున్నపు డబ్బీ తెరిస్తే, మామ అటు చూడకుండానే చెయ్యి చాచి వేలితో సున్నం తీసుకునేవాడు. అడగడం లేదు, ఇవ్వడం లేదు. తమ్ముడు కూడా ఆయన తీసుకునేదాకా డబ్బీ మూసేవాడు కాదు. దారిలో మా ఊళ్ళో ఎక్కే నేను వెనక సీట్లోంచి చూసేవాణ్ణి. వీళ్ళిద్దరి తలకాయలు పట్టుకుని ఒకదానికొకటి కొట్టాలనిపించేది.

తీర్పు వచ్చిన ఏడు పత్తి పగిలింది. చేను తెల్లగా ఉంది, మూటలు రోడ్డెక్కే దారి లేదు. ఆయన డిక్రీ నకలు ముందేసుకుని నన్ను పిలిచాడు.

"ఇందులో పాడె పోను రాను అని ఉండాది గదా?"

"ఉంది."

"పాడె మింద ఏముండల్లని రాసినారా?"

నేను చదివి చూశాను. రాయలేదు. పాడె మీద ఏముంటుందో వేరే రాయాలని ఏ మునసబుకైనా ఎందుకు తోస్తుంది? ఆయన డిక్రీ మడిచి సంచిలో పెట్టుకుని నేరుగా వెదురు బొంగులు అమ్మే వాడి దగ్గరికి పోయాడు.

నేను ఆ రోజు అక్కడ లేను, చూసినవాళ్ళు చెప్పగా విన్నాను. పాడె కట్టించి, దాని మీద పత్తి మూట పెట్టి, జారకుండా తాళ్ళతో బిగించి, దుమ్ము పడకుండా పైన తెల్లటి దుప్పటి కప్పాడట. మోయమంటే కూలీలు వెనక్కి తగ్గారు. "శవం లేకుంటే అది వట్టి వెదురేరా" అని నచ్చజెప్పి, వాళ్ళ తృప్తికి ఒక నిమ్మకాయ కట్టించాడు. నలుగురూ భుజాన ఎత్తుకుని పడమటి చేని గట్టు మీదికి వచ్చారు. ముందు మామ, చేతిలో డిక్రీ.

తమ్ముడు కంచెలో, తీర్పు ప్రకారం మోసేవాళ్ళకు విడిచిన సందు దగ్గర నిలబడి ఉన్నాడు. పాడె కనబడగానే అలవాటు చొప్పున తల మీది తుండు తీసి చంకలో పెట్టుకుని, పక్కకు తప్పుకుని, తల వంచుకున్నాడట. పాడె దాటిపోయి, వెనక రెండోసారి మూట, మూడోసారి మూట వచ్చేసరికి గానీ తాను పత్తి మూటకు దండం పెట్టానని తెలియలేదు. పోతూ పత్తి, వస్తూ పేడ ఎరువు. రాను అన్న మాట కూడా ఆయన వృథా పోనీయలేదు.

ఊరు పది రోజులు నవ్వింది. కడుపు పట్టుకుని నేనూ నవ్వాను. పెద్ద కోర్టులకు తోచని అప్పీలు ఆయన నాలుగు వెదురు బొంగులతో గెలిచాడనుకున్నాను.

విరుదునగర్ బజారు మాత్రం నవ్వలేదు. రోడ్డెక్కాక మూటలు బండిలోకి మార్చినా, కబురు బండి కంటే ముందొచ్చింది. మూట విప్పబోయిన దళారి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. సావు సరుకు మాకొద్దు అన్నాడు. మామ సంచి విప్పి డిక్రీ చూపించాడు. చదివి చెప్పడానికి నన్ను వెంట తెచ్చుకున్నాడు. పాడె మీద శవం లేదయ్యా, ఎప్పుడూ లేదు అన్నాను నేను.

దళారి నాకంటే తెలివైనవాడు. "లేదని ఇందులో రాసి ఉందా?" అన్నాడు.

రాసి లేదు. ఏ రాయనితనంతో మామ తమ్ముణ్ణి గెలిచాడో, అదే రాయనితనం బజారులో ఆయన్ని ఓడించింది. అందరి సరుకూ తూచాక, ఒక మూల, తక్కెడకు పసుపునీళ్ళు చల్లి ఆ పత్తి తూచుకున్నారు. ఆ మేలు చేసినందుకు ఆయన వాళ్ళకు దండం కూడా పెట్టాల్సొచ్చింది. ఆ మూలలోనే ఆ పేరు పుట్టింది, పాడె పత్తి. మంచి పత్తి, పొడుగు పోగు. దానికంటే నాసి సరుకు ఆ రోజు బజారులో ఎంతో అమ్ముడుపోయింది.

తిరిగొచ్చేటప్పుడు రైల్లో మామ డిక్రీ ఉన్న సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సాత్తూరు స్టేషను దాటాక, "సరుకు నాది. సేను నాది. పాడె ఒకటిదా నాది గాదు, అది అందురిదీ" అన్నాడు.

తమ్ముడు ఊరుకోలేదు. పాడె అంటే శవం ఉన్న పాడె అని తేల్చమని మళ్ళీ కోర్టుకెక్కాడు. అప్పటికి వేరే మునసబు వచ్చాడు. డిక్రీలో లేని మాటను నేను చేర్చలేను, శవం కావాలని ఉంటే అప్పుడే రాసి ఉండేవారు అన్నాడాయన. ఇలా పాడె పోను రాను నడిచింది. పాడె ఉన్న ఇల్లని చుట్టాలు రావడం తగ్గించారు. ఈ దావాలో తనకు దొరికిన లాభం అదొక్కటేనని అత్త అనేది. కంచె దగ్గర తుండు తీయాలో వద్దో తెలియక తమ్ముడు పత్తి కాలంలో అసలు తలకు తుండు చుట్టడమే మానేశాడు.

ఏటేటా నేను అర్జీలు రాశాను. పడమర ఫలానా, తూర్పున ఫలానా అని నాలుగు హద్దులూ నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఆ చేను మాత్రం ఏనాడూ చూడలేదు. గుమాస్తాకు కాగితమే పొలం.

దావా పడిన తొమ్మిదో ఏడు, పత్తి పగిలే కాలంలోనే, నాలుగు రోజుల జ్వరంతో ఆయన పోయాడు. బస్సు డ్రైవరు వకీలు ఇంటి ముందు బండి ఆపి కబురు చెప్పాడు. ఎక్కి వెళ్ళాను.

నేను వెళ్ళేసరికి ఇంటి ముందు ఒక వాదం నడుస్తోంది. కొట్టంలో ఉన్న పాడె పత్తి మోసినది, దాని మీద మనిషిని పెట్టడం తప్పని పెద్దలు తేల్చారు. బజారు దానికి పత్తి తగదంది, ఊరు దానికి శవం తగదంది. కొత్త వెదురు తెప్పించి కొత్త పాడె కడుతున్నారు.

అంతలో పక్కింటి నుంచి ఎద్దుల గంటలు వినిపించాయి. తమ్ముడు తన బండి తోలుకుని వచ్చాడు. కడిగిన బండి, కొత్త చాప, ఎద్దుల కొమ్ములకు నూనె. దిగి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మొహం వాచి ఉంది, చేతుల నిండా ముళ్ళ గీతలు.

"వదినె, బాటకడ్డం ఏసిన ముండ్ల వేలి పీకేసినాను. నా సేత్తోదా పీకినాను. అన్న బండిలో పోవల్లని శానా ఆశపడినాడు. బండిలోనే పోనీ" అన్నాడు.

వింటున్నవాళ్ళు ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఈ ఒక్క మాట తొమ్మిదేళ్ళ ముందు అని ఉంటే అనుకున్నాను, కోపం కూడా వచ్చింది. అత్త గుమ్మంలోకి వచ్చింది. ఆమె కళ్ళు పొడిగా ఉన్నాయి. మరిదిని చూడలేదు, బండిని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"అల్లుడా, నువ్వు సెప్పు. ఇది హక్కా, అనుమతా?"

అందరూ నా వైపు తిరిగారు. కోర్టులో కాగితం పట్టుకుని నిలబడ్డప్పుడు కూడా నాకు అంత చెమట పట్టలేదు. ఈసారి అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. తమ్ముడి వైపు తిరిగి, "మామా, బండికి దారి ఉందని కాగితం రాసిస్తారా? నేనిప్పుడే రాస్తాను, సంతకం పెట్టండి" అన్నాను.

ఆయన తుండుతో మొహం తుడుచుకున్నాడు. "ఈ పొద్దు అన్నను తీసకపోండి అల్లుడా. తక్కింది తరవాత మాట్టాడుదాము."

తొమ్మిదేళ్ళు కోర్టులో ఉన్నవాణ్ణి. తరవాత అన్నదాన్ని మేము వాయిదా అంటాం.

"అనుమతేను అత్తా" అన్నాను.

"అట్లయితే బండి వద్దు" అంది ఆమె. "పాడె ఎత్తండి. ఆయన ఎవుర్నీ అడిగి పోయినోడు గాదు."

ఆమె అన్నది తప్పని పెద్దలు కూడా అనలేకపోయారు. మనిషిని పాడె మీదికి చేర్చారు. నలుగురు వంగారు. అప్పుడు తమ్ముడు ఎద్దుల పగ్గం ఎవరి చేతిలోనో పెట్టి, వచ్చి, ముందు ఎడమ పక్కనున్న వాణ్ణి భుజం పట్టి పక్కకు జరిపి, ఆ బొంగు కింద తన భుజం పెట్టాడు. దాయాదికి పాడె మోసే హక్కుంది. దాన్ని ఏ కాగితంలోనూ ఎవరూ రాయలేదు, ఏ కోర్టులోనూ ఎవరూ కాదనలేదు. ఆయన అత్తను అడగలేదు, నన్నడగలేదు. అత్త చూస్తూ నిలుచుంది.

నేను వెనక నడిచాను. రోడ్డు దిగాం. కంచె పీకిన గుంటలు పచ్చిగా ఉన్నాయి. అది దాటి పడమటి చేని గట్టెక్కాం. అర్జీల్లో అన్నేళ్ళు రాసిన నేల మీద మొదటిసారి కాలు పెట్టాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది, అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. నూరు దాటి ఇంకొన్ని అయ్యేసరికి గట్టు తిరిగింది. ఎదురుగా తెల్లగా పగిలిన పత్తి. ఇదేనా, ఇంతేనా అని పక్కవాణ్ణి అడిగాను. ఇంతే, ఇది దాటితే ఆయన చేనే అన్నాడు. పాడె మోసేవాళ్ళు బరువుకు నడుమ నడుమ ఆగి భుజం మార్చుకుంటారు. ఆ దూరానికి తమ్ముడికి భుజం మార్చుకోవలసిన పని కూడా రాలేదు.